మార్కులతో పాటు తెలుగు పనికీ స్కాలర్‌షిప్ ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

జూన్, జూలై నెలలు వచ్చాయంటే మన చెన్నైలో తెలుగు సంఘాలు, ట్రస్టులు విద్యార్థులకు పురస్కారాలు, స్కాలర్‌షిప్‌లు ఇవ్వడం మొదలుపెడతాయి. మంచి పనే, ఎవరూ కాదనరు. ఫీజు కట్టలేక చదువు ఆపేయాల్సిన పిల్లలు వాటి వల్ల గట్టెక్కడం నేను చూశాను. కానీ ఆ దరఖాస్తు ఫారాలు ఒకసారి తీసి చూడండి. టెన్త్‌లో ఎంత, ప్లస్ టూలో ఎంత, తండ్రి ఆదాయం ఎంత, చాలా చోట్ల కులం ఏమిటి. అంతే. ఇస్తున్నది తెలుగు సంఘం, పుచ్చుకుంటున్నది తెలుగు ఇంటి బిడ్డ, మధ్యలో తెలుగు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. మార్కుల కోసం ఫ్రెంచో సంస్కృతమో తీసుకుని, తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవలేని పిల్లాడికి మొదటి బహుమతి వస్తుంది. ఆదివారం ఆదివారం వీధిలో పిల్లల్ని కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించే పిల్లకి, మార్కులు కాస్త తక్కువ కాబట్టి, ఏమీ రాదు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మనం ఏది అడుగుతామో పిల్లలు అదే తెస్తారు.

నేను ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా తరవాత ఆ పోస్టు నింపలేదు. అది వేరే బాధ, దాని గురించి ఇప్పుడు రాయడం లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం మా మేనల్లుడు చెప్పిన ఒక సంగతి, దాని వెంట నేను చదివిన మరికొన్ని సంగతులు.

వాడు టొరంటోలో చదువుకునేటప్పుడు బ్లూర్ స్ట్రీట్‌లో ఒక పెద్ద స్టూడెంట్ హాస్టల్లో గది తీసుకున్నాడు. టార్టు కాలేజ్ అని దాని పేరు. కాలేజ్ అంటారు గానీ అక్కడ పాఠాలేం ఉండవు, పిల్లలు అద్దెకుండే భవనం. టార్టు ఎస్టోనియాలో ఒక ఊరు, 1632లో పెట్టిన పాత విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. కెనడాలో స్థిరపడ్డ ఎస్టోనియన్లు 1970లో ఆ హాస్టల్ కట్టి ఆ పేరు పెట్టుకున్నారు. ఏ దేశం పిల్లలైనా అందులో ఉండొచ్చు, అద్దె కట్టాలి. ఆ అద్దెల మీద వచ్చే ఆదాయం ఎస్టోనియన్ భాషకి, గ్రంథాలయానికి, చదువులకి వెళ్తుంది. టొరంటో విశ్వవిద్యాలయంలో ఎస్టోనియన్ అధ్యయనాలకు ఒక పీఠం కూడా ఏర్పాటు చేసుకున్నారు. 2016 జనాభా లెక్కల్లో కెనడా మొత్తం మీద మా మూలాలు ఎస్టోనియావి అని చెప్పుకున్నవాళ్లు సుమారు 24 వేల మంది. దేశం మొత్తం మీద, సంపాదకుడు గారూ. మన తమిళనాడులో 2011 జనాభా లెక్కల ప్రకారం మాతృభాష తెలుగు అని రాయించుకున్నవాళ్లు 42 లక్షలకు పైగా ఉన్నారు.

ఆ మాట విన్నాక ఆగలేకపోయాను. ఎస్టోనియా గురించీ, పక్కనే ఉన్న లాట్వియా గురించీ దొరికినంత చదివాను. రెండూ చిన్న దేశాలు. ఎస్టోనియా జనాభా 13 లక్షలకు పైగా, లాట్వియాలో 19 లక్షల లోపే. రెండూ 1918లో స్వతంత్రమయ్యాయి, 1940లో సోవియట్ సైన్యం వచ్చి ఆక్రమించింది, తరవాత జర్మన్లు వచ్చారు, 1944లో మళ్లీ సోవియట్ సైన్యం వస్తుంటే జనం పారిపోయారు. ఒక్క ఎస్టోనియా నుంచే 70 వేల మందికి పైగా వెళ్లిపోయారు. కొందరు చిన్న చిన్న పడవల్లో బాల్టిక్ సముద్రం దాటి స్వీడన్ చేరారు, చాలామంది జర్మనీలో శరణార్థి శిబిరాల్లో పడ్డారు. అక్కడి నుంచి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్. శిబిరాల్లో ఉన్నప్పుడే, అంటే రేపు ఎక్కడుంటామో తెలియని రోజుల్లో, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా ప్రొఫెసర్లు కలిసి 1946లో హాంబర్గ్‌లో బాల్టిక్ యూనివర్సిటీ అని ఒకటి మొదలుపెట్టి 1949 దాకా నడిపారు. ఇల్లు లేదు, దేశం లేదు, పాఠం మాత్రం ఆగకూడదు అనుకున్నారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాళ్ల వారసులు ఈ రోజుకీ పాటించే పద్ధతి గురించే నేను ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నది. ఎస్టోనియన్, లాట్వియన్ సమాజాలు తమ పిల్లలకు ఇచ్చే కొన్ని స్కాలర్‌షిప్‌లలో మార్కులతో పాటు ఇంకో ప్రశ్న ఉంటుంది: మన సమాజంలో నువ్వేం చేస్తున్నావు? శనివారం బడిలో చిన్నపిల్లలకు నేర్పుతున్నావా, గాయక బృందంలో పాడుతున్నావా, జానపద నృత్యంలో ఉన్నావా, స్కౌట్లలో, వేసవి శిబిరంలో సాయం చేస్తున్నావా? పేరుకి సభ్యత్వం ఉంటే చాలదు, పని చూపించాలి. ఎందుకలాగ అంటే వాళ్లకి దాదాపు యాభై ఏళ్లు సొంత ప్రభుత్వం లేదు. ఆ భాషను బయట బతికించడానికి వాళ్ల దగ్గర ఉన్నవల్లా ఆ శనివారం బళ్లు, ఆ పాటల బృందాలు, ఆ శిబిరాలే. వాటిని నడపడానికి ఇరవై ఏళ్ల పిల్లలు రాకపోతే మొత్తం ఆగిపోతుంది. అందుకని ఏ పిల్ల వస్తుందో ఆ పిల్ల చదువుకు సమాజం చెయ్యి వేస్తుంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో గారెజెర్స్ అనే చోట లాట్వియన్లు 1960ల నుంచి పిల్లలకు వేసవి హైస్కూలు నడుపుతున్నారు. మామూలు బడికి సెలవులిచ్చాక పిల్లలు అక్కడికి వెళ్లి లాట్వియన్‌లో చరిత్ర, సాహిత్యం, పాటలు నేర్చుకుంటారు. నిన్న అక్కడ విద్యార్థిగా ఉన్నవాళ్లే రేపు అక్కడ పాఠాలు చెప్తారు. పాట వాళ్లకి ప్రాణం. ఎస్టోనియాలో 1869లో టార్టులో మొదటి పాటల పండుగ జరిగింది, లాట్వియాలో 1873లో రిగాలో. వలస వెళ్లిన లాట్వియన్లు అమెరికాలో అడుగుపెట్టిన కొద్ది ఏళ్లకే, 1953లో, చికాగోలో తమ పాటల పండుగ పెట్టుకున్నారు. పెద్దవాళ్లు ఇంకా ఫ్యాక్టరీల్లో కూలి పని చేసుకుంటున్న రోజులవి.

దీని ఫలితం ఏమిటని అడిగేవాళ్లుంటారు. 1991లో రెండు దేశాలూ మళ్లీ స్వతంత్రమయ్యాయి. ఆ తరవాత లాట్వియా అధ్యక్షురాలైన వైరా వీకె-ఫ్రైబెర్గా ఏడేళ్ల వయసులో తల్లిదండ్రులతో దేశం వదిలి, జర్మనీ శిబిరంలో, మొరాకోలో పెరిగి, కెనడా చేరి, మాంట్రియల్‌లో సైకాలజీ ప్రొఫెసర్‌గా చాలా ఏళ్లు పనిచేశారు. అన్నేళ్లు ఇంగ్లిష్, ఫ్రెంచ్ మధ్య బతికినా లాట్వియన్ జానపద గీతాల మీద పరిశోధన మానలేదు. 1998లో వెనక్కి వెళ్లారు, 1999లో అధ్యక్షురాలయ్యారు, 2007 దాకా ఉన్నారు. ఎస్టోనియాకు 2006 నుంచి 2016 దాకా అధ్యక్షుడిగా ఉన్న తోమాస్ హెండ్రిక్ ఇల్వెస్ అయితే స్టాక్‌హోమ్‌లో పుట్టి అమెరికాలో న్యూజెర్సీలో పెరిగారు. ఏదో ఒక స్కాలర్‌షిప్ పుణ్యాన వాళ్లు అధ్యక్షులయ్యారని నేననడం లేదు. పరాయి దేశంలో పెరిగిన పిల్లలు సొంత దేశపు పార్లమెంటులో నిలబడి సొంత భాషలో మాట్లాడగలిగారంటే వాళ్ల వెనక ఇంట్లో, వీధిలో, శనివారం బడిలో ఎంతమంది పనిచేసి ఉంటారో ఆలోచించమంటున్నాను.

మనం శరణార్థులం కాదు, ఆ పోలిక అంతవరకు సాగదు. చెన్నైలో తెలుగువాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు కారు, ఈ ఊరు ఊరైనప్పటి నుంచీ ఇక్కడే ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికను 1914లో దినపత్రికగా తెచ్చింది ఇక్కడి నుంచే. దుర్గాబాయమ్మ 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది ఇక్కడే. పొట్టి శ్రీరాములు గారు 1952లో ప్రాణం వదిలింది మైలాపూర్‌లో. తాళపత్రాలు కావాలన్నా ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో తెలుగువి బోలెడు ఉన్నాయి. ఇంత ఉండీ మన పిల్లలు మాట్లాడగలరే తప్ప చదవలేరు. 2006లో తమిళం నేర్చుకోవాలన్న చట్టం వచ్చి ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా వచ్చేసరికి తెలుగు ఐచ్ఛికం అయిపోయింది. కోర్టులకు వెళ్లి మినహాయింపులు తెచ్చుకున్న మాట నిజమే గానీ ప్రతి ఏడూ ఆ టెన్షన్ పడే ఓపిక ఎంతమంది తల్లిదండ్రులకు ఉంటుంది? తమిళం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు తమిళం చక్కగా నేర్చుకోవాలి, నేనూ నేర్చుకున్నాను, మా ఇంట్లో మనవలు తమిళంలోనే ఆడుకుంటారు. టొరంటో పిల్లలు ఇంగ్లిష్ వదిలేసి ఎస్టోనియన్ నేర్చుకోలేదు కదా. బడి చెయ్యలేని పనిని బడి బయట చేసుకున్నారు. మనమూ ఆ దారికి రావాలి, ఎందుకంటే బడిలో తెలుగు మళ్లీ వచ్చేదాకా ఆగితే ఒక తరం పోతుంది.

ఇప్పుడు నేను అడిగేది ఇదీ. చెన్నైలో ప్రతి తెలుగు సంఘం, ప్రతి ట్రస్టు తను ఏటా ఇచ్చే స్కాలర్‌షిప్‌లకు అదనంగా కొన్నిటిని తెలుగు కోసం పనిచేసే కాలేజీ పిల్లలకు కేటాయించాలి. పేద పిల్లలకు ఇచ్చేదాంట్లోంచి కోసి ఇవ్వమనడం లేదు, దయచేసి అలా చెయ్యకండి. మనకి కళ్యాణ మండపాలున్నాయి, సత్రాలున్నాయి, అద్దెకిచ్చిన దుకాణాలున్నాయి, పూర్వీకులు భక్తితో రాసిచ్చిన ఆస్తులున్నాయి. టార్టు కాలేజ్ వాళ్లు అద్దెలతో చేస్తున్న పని మన మండపాల అద్దెలతో మనమెందుకు చెయ్యలేం? ఒక ముహూర్తాల సీజన్లో వచ్చే అద్దెలో చిన్న భాగం పక్కన పెట్టినా కొంతమంది పిల్లల సెమిస్టర్ ఫీజు గడుస్తుంది.

ఏది పని కింద లెక్క అన్నది జాగ్రత్తగా ఆలోచించాలి. మన సంఘాల్లో సంస్కృతి అనగానే త్యాగరాజ కీర్తన, పద్యపఠనం, కూచిపూడి, ఇవే గుర్తొస్తాయి. అవి ఉండాలి. వాటితోనే ఆగిపోతే మాత్రం స్కాలర్‌షిప్ అంతా సంగీతం టీచరుకు ఫీజు కట్టగలిగిన ఇళ్లకే వెళ్తుంది. లాట్వియావాళ్లు జాతి సంపద అని నెత్తిన పెట్టుకునేవి ఏమిటో తెలుసా? దైనాలు అని నాలుగేసి పాదాల పాటలు. పొలం పనిలో, పెళ్లిలో, జోలలో, ఎక్కువగా ఆడవాళ్లు పాడుకున్నవి. క్రిష్‌యానిస్ బారన్స్ అనే ఆయన వాటిని చిన్న చిన్న కాగితాల మీదికి ఎక్కించి, ఒక బీరువా చేయించి, సొరుగుల్లో వరసగా అమర్చి, 1894 నుంచి 1915 దాకా సంపుటాలుగా అచ్చు వేయించాడు. రెండు లక్షలకు పైగా పాటలు! ఆ బీరువా ఇప్పుడు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో ఉంది. వీకె-ఫ్రైబెర్గా పరిశోధన చేసింది కూడా ఈ పాటల మీదే.

మన ఊళ్లో ఆ పాటలు ఎవరి దగ్గరున్నాయి? ఉత్తర చెన్నైలో పారిశుద్ధ్య కార్మికుల కాలనీలకు వెళ్లండి. తరాల కిందట నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి ఈ ఊరిని శుభ్రం చెయ్యడానికి వచ్చిన కుటుంబాలు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ముసలమ్మలకు పాటలొచ్చు, కథలొచ్చు. పిల్లలకు తెలుగు అక్షరాలు రావు, నేర్పేవాళ్లు లేరు. మన సంఘాల సభలకు వాళ్లని పిలిచిన రోజు నాకు గుర్తు లేదు, ఇది బాధతోనే రాస్తున్నాను. ఆ కాలనీలో పుట్టి కాలేజీకి వెళ్తున్న ఒక అమ్మాయి తన నాయనమ్మ పాటలు ఫోన్లో రికార్డు చేసి కాగితం మీద పెడితే, సాయంత్రం పదిమంది పిల్లలకు అక్షరాలు నేర్పితే, ఈ ఊళ్లో తెలుగుకు అంతకంటే పెద్ద పని ఇంకోటి ఉందని నేననుకోను. మొదటి స్కాలర్‌షిప్ అలాంటి పిల్లకే వెళ్లాలి. అందుకని కులం గడి ఆ ఫారంలో ఉండకూడదు. కులం పేరుతో పెట్టిన ట్రస్టులు తమ పద్ధతిలో తాము ఇచ్చుకోవచ్చు, తెలుగు పేరుతో ఇచ్చేది మాత్రం తెలుగు మాట్లాడే అందరిదీ కావాలి. తమిళ ఇంటి పిల్ల తెలుగు నేర్చుకుని ఇంకొకరికి నేర్పుతున్నా ఆ పిల్లకీ ఇవ్వాలి.

ఇంకా చాలా పనులున్నాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో చెన్నై తెలుగువాళ్ల సంస్థల గురించి, పాత బళ్ల గురించి రాయొచ్చు. సంఘాల గ్రంథాలయాల్లో దుమ్ము పట్టిపోతున్న పుస్తకాలకు జాబితా తయారు చెయ్యొచ్చు. కంప్యూటర్ చదివే పిల్లలకైతే ఇలాంటి పని చెయ్యి తిరిగిన పని. వృద్ధాశ్రమాల్లో ఉన్న తెలుగు పెద్దలకు వారానికోసారి పేపరు చదివి వినిపించినా నేను పని కిందే లెక్క వేస్తాను.

దొంగ సర్టిఫికెట్లు తెస్తారు అని ఒక ట్రస్టు పెద్దాయన నాతో అన్నారు. తెస్తారు, సంఘం అధ్యక్షుడు గారి తమ్ముడి కొడుక్కి లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాయించడం ఎంతసేపు? అందుకే సర్టిఫికెట్ అడక్కండి. నేర్పుతున్నాను అన్న అబ్బాయిని తను నేర్పిన పిల్లల్లో ఇద్దర్ని వెంటబెట్టుకుని రమ్మనండి. ఆ పిల్లల చేత మీ పత్రికలో నాలుగు వాక్యాలు చదివించండి. పాటలు సేకరించాను అన్న అమ్మాయిని ఆ కాగితాలు, ఆ రికార్డింగులు తెమ్మనండి. పది నిమిషాల్లో తేలిపోతుంది. డబ్బు కూడా మొత్తం ఒకేసారి ఇవ్వకుండా సగం ముందు, సగం ఏడాది చివర పని చూసి ఇస్తే సరి. బాగా చేస్తున్నవాళ్లకి మరుసటి ఏడూ కొనసాగించాలి, ఎందుకంటే పిల్లలకు చదువు చెప్పడం ఒక్క ఏడుతో అయ్యేది కాదు.

ఇంకో సంగతి ఉంది, ఇది నాకు నిజంగా దిగులు. కాలేజీ అయ్యాక సాయంత్రాలు దుకాణంలోనో డెలివరీలోనో పనిచేసి ఇల్లు గడిపే పిల్లలు తెలుగు సేవ చెయ్యడానికి తీరిక ఎక్కడి నుంచి తెస్తారు? కారులో దింపే తల్లిదండ్రులున్న పిల్లలకే ఇలాంటి స్కాలర్‌షిప్‌లు దక్కే ప్రమాదం ఏ దేశంలోనైనా ఉంటుంది. దీనికి నాకు తోచిన మార్గం ఒక్కటే. ఆదాయం తక్కువున్న పిల్లలకు ముందే నెలనెలా కొంత ఇచ్చి, డెలివరీకి వెళ్లే ఆ రెండు గంటలు పిల్లలకు తెలుగు చెప్పమనండి. అది దానం కాదు, ట్యూషన్ టీచరుకు ఇచ్చే జీతం లాంటిదే, తలెత్తుకుని తీసుకుంటారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకూ ఒక మాట. విదేశాల్లో పుట్టి పెరిగిన ఎస్టోనియన్ సంతతి పిల్లలు ఎస్టోనియాకు వచ్చి అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుకోవడానికి ఆ ప్రభుత్వం స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. మన పిల్లలు చెన్నై నుంచి హైదరాబాదో తిరుపతో వెళ్తే సీట్ల విషయంలో స్థానికేతరులు. ఆ నిబంధన వెనక ఉన్న చరిత్ర తెలుసు, దాన్ని ఎత్తేయమని అడగడం లేదు. తెలుగు ఎం.ఏ.కో, జానపద కళలకో, లిపి శాస్త్రానికో వచ్చే ఇతర రాష్ట్రాల తెలుగు పిల్లలకైనా హాస్టలూ ఫీజూ చూసుకుంటే, తిరిగొచ్చి ఇక్కడ పాఠాలు చెప్పే టీచర్లు తయారవుతారు. ఇప్పుడు చెన్నైలో తెలుగు టీచరు పోస్టు ఇచ్చినా చేరడానికి మనిషి దొరకని పరిస్థితి వస్తోంది.

ఏ సంఘమైనా ఈ ఏడాది ఒక్క స్కాలర్‌షిప్‌తో మొదలుపెడతానంటే దరఖాస్తు ఫారం రాసిపెట్టడానికి, పిల్లల పని చూడటానికి, కాలనీల్లో తరగతులకు చోటు వెతకడానికి నేనూ, నాతో పాటు రిటైరైన ఇంకొందరు తెలుగు టీచర్లూ వస్తాం, మాకేమీ ఇవ్వక్కర్లేదు. ఫారం మాత్రం తెలుగులో అచ్చు వేయించాలి, తెలుగు రాయడం ఇంకా సరిగ్గా రాని పిల్లలకు నోటితో చెప్పే వీలు కూడా ఉండాలి. మా వివరాలు మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను, అడిగిన సంఘాలకు ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
పెరంబూరు, చెన్నై